తరగని పాత స్టాకు

"స్థానిక సామర్థ్యం శూన్యం."

మూడే మాటలు. నలభై ఆరు పేజీల నివేదికలో పదకొండో పేజీ అడుగున అచ్చయ్యాయి. అవి రాసిన మనిషి మీద నాకు పెద్దగా కోపం లేదు. అతను కాగితాలు చదివి వాటిలో ఉన్నదే రాశాడు. ఆ కాగితాలు రాసినవాణ్ణి నేను. అందుకే మేస్త్రమ్మ సంగతి నేనే చెప్పాలి. ఇంకెవరైనా చెబితే మధ్యలో నన్ను కూడా మంచివాణ్ణి చేసి కూర్చోబెడతారు.

మా ఊరికి నీళ్ళు పంపే పంపుహౌసులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాను, అందులో ముప్ఫై ఏళ్ళు స్టోరు గుమాస్తాగా. ఆ పంపుహౌసు కట్టింది పరాయి దొరల కంపెనీ. మా దాహం చూడలేక కట్టారనుకునేరు. వాళ్ళ బంగళాలకీ, బారకాసులకీ, ఓడరేవులో వాళ్ళ గిడ్డంగులకీ నీళ్ళు కావాలని కట్టారు. మా పేటలన్నిటికీ కలిపి నాలుగు కుళాయిలు ఉండేవి, అవి కూడా పొద్దున్న గంటసేపు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి మూడేళ్ళలో ప్రతి వీధికీ కుళాయి వేశారు. మా అమ్మ జెండా ఎగరేసిన రోజు ఇంట్లోంచి కదల్లేదు కానీ, మా వీధిలో కుళాయి తిప్పిన రోజు మాత్రం కొత్త చీర కట్టుకుని వెళ్ళి నిలబడింది.

కుళాయిలు పెరిగాయి, పంపులు మాత్రం ఆ మూడే. దొరలు వెళ్తూ వెళ్తూ నక్షాలన్నీ పట్టుకుపోయారు. పంపులు పెరికి పట్టుకుపోవడం కుదరదు కాబట్టి వదిలేశారు. వాటితో పాటు తాళం వేసిన ఒక గది అప్పగించి, "విడిభాగాల నిల్వ, ఉన్నది ఉన్నట్టుగా" అని కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నారు. ఆ అప్పగింత ఒక్క మధ్యాహ్నంలో, బ్యాండు మేళంతో జరిగిపోయింది. గదిలో ఏముందో తెరిచి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఉద్యోగంలో చేరిన నెలలోనే నేను తెరిచాను. పదకొండు చెక్కపెట్టెలు ఉన్నాయి. ఐదింటి నిండా గడ్డిలో సర్దిన పింగాణీ కంచాలు. రెండింటిలో టెన్నిసు వలలు. ఒకదాంట్లో ఎండిపోయిన సిరా బుడ్లు. రెండింటిలో చెదలు తిన్న తోలు వాషర్లు. చివరి పెట్టెలో, మైనం కాగితంలో చుట్టి, పసిబిడ్డలా పడుకోబెట్టిన ఒక పిస్టను. కంపెనీ మాకు వదిలి వెళ్ళిన విడిభాగాల నిల్వ అంటే ఆ ఒక్క పిస్టనే. కంచాలు అప్పటి పెద్దింజనీరు గారింటికి నడిచి వెళ్ళాయి. పిస్టన్ని నేను మళ్ళీ చుట్టి పెట్టాను.

పంపుహౌసు వెనకాల రేకుల షెడ్డులో వర్క్‌షాపు. అందులో పెద్ద లేతు మిషను ఒకటి ఉండేది. లోహపు ముక్కని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కినట్టు చెక్కి, గుండ్రటి భాగాలు తయారుచేసే యంత్రం అది. కంపెనీ రోజుల్లో దాన్ని మనవాళ్ళు తుడవచ్చు, నూనె పొయ్యచ్చు, నడపడానికి వీల్లేదు. అలా పద్నాలుగేళ్ళు దాన్ని తుడిచిన మనిషే తర్వాత దాన్ని నడిపిన మా ముసలి టర్నరు. తుడుస్తూ దొర చేతులు చూసేవాడు. దొర ఓడెక్కిన మర్నాడు వచ్చి లేతు ముందు నిలబడి, పద్నాలుగేళ్ళుగా కంటితో చేసిన పని చేత్తో మొదలుపెట్టాడు.

నేను చేరిన రెండో ఏడు దేశంలో పరాయి డబ్బు నిండుకుంది. బయటి నుంచి సూది తెప్పించాలన్నా పర్మిట్టు కావాలి. సరిగ్గా అప్పుడే రెండో నంబరు పంపులో పిస్టను పగిలింది. కొత్త దాని కోసం రాశాం. ముందు తిండిగింజల ఓడలు రావాలి, మీ పిస్టను తర్వాత అని జవాబొచ్చింది. ఆకలితో ఉన్న జనాన్ని పక్కన పెట్టి నాకు పిస్టను ముందు పంపమని ఎవరడుగుతారు? ఊరికి రోజు విడిచి రోజు నీళ్ళు. పెట్టెలో ఉన్న ఆ ఒక్కటీ వాడేద్దామంటే, ఇంతకంటే గడ్డురోజు వస్తే ఏం చేస్తామని పెద్దింజనీరు ఒప్పుకోలేదు.

ముసలి టర్నరు రేవుకి వెళ్ళి, పగలగొట్టిన ఓడ తాలూకు కంచు పంకా ముక్కలు తెచ్చాడు. పోత పోయించాడు, లేతు మీద పెట్టి పదహారు రోజులు చెక్కాడు. తెచ్చి చూపిస్తే తనిఖీ అధికారి పుస్తకం తీశాడు. కంపెనీ ముద్ర లేని ఏ భాగాన్నీ ప్రధాన యంత్రంలో బిగించరాదు, పదిహేడో నిబంధన. దేశం మారాక మేము ఆ పుస్తకానికి అట్ట మాత్రమే మార్చాం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, నా తెలివి మీద నాకు అపారమైన నమ్మకం. "ముద్రే కదా సార్ కావలసింది?" అన్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, టీ తాగి వస్తానని వెళ్ళాడు. ఆయన టీ చాలా నెమ్మదిగా తాగాడు. తిరిగొచ్చేసరికి ముసలాయన ముద్ర అచ్చు చెక్కేశాడు, పిస్టను మీద కంపెనీ గుర్తు పడింది. నేను రిజిస్టరు తీసి, ఈ భాగం ఎక్కడి నుంచి వచ్చిందన్న గడిలో "పాత స్టాకు నుంచి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ఆ రోజు ఊరికి నీళ్ళొచ్చాయి. అందరం నా తెలివిని మెచ్చుకున్నాం, ముఖ్యంగా నేను.

ఆ తర్వాత పాత స్టాకు తరగలేదు. పిస్టన్లు, ఇరుసు చుట్టూ తొడిగే బుష్షులు, వాల్వులు, ఏది కావలసినా షెడ్డులో తయారయ్యేది, ముద్ర పడేది, నా రిజిస్టర్లో పాత స్టాకు నుంచి వచ్చేది. కంపెనీవాళ్ళ గది అక్షయపాత్ర అయిపోయింది. ఏటా పైఆఫీసు నుంచి ఆడిట్‌కి వచ్చేవాళ్ళు. అంత చిన్న గదిలోంచి అన్ని భాగాలు ఎలా వస్తున్నాయని ఒక్కరు కూడా అడగలేదు. దొరలు వదిలి వెళ్ళారంటే చాలు, ఎంతైనా నమ్మేవారు. అదే మావాళ్ళు చేశారని రాసి ఉంటే ఒక్క బుష్షుకి పది సంజాయిషీలు అడిగి ఉండేవారు.

మేస్త్రమ్మ వచ్చింది నేను చేరిన నాలుగో ఏట. ముసలి టర్నరుకి అన్న కూతురు. పద్దెనిమిదేళ్ళు, సన్నగా, ముక్కు మీద కోపంతో ఉండేది. ఉద్యోగం స్వీపరు. లేతు కింద రాలిన లోహపు రజను ఊడ్చి డబ్బాలకెత్తాలి. ఆ ఉద్యోగం వెనక ఒక రహస్యం ఉందని నాకు ఏడాది దాకా తెలియలేదు. ముసలాయనకి చూపు మందగించింది. మందం కొలిచే మైక్రోమీటరు మీద గీతలు కనబడటం లేదు. ఆ సంగతి బయటపడితే ఇంటికి పంపేస్తారు. అందుకని చీపురు పట్టుకున్నట్టు పక్కనే నిలబడి, ఆ పిల్ల గీతలు చదివి పెదవి కదపకుండా చెప్పేది. ఆయన చెక్కేవాడు.

రెండేళ్ళకి ఆయన కళ్ళు పూర్తిగా పోయాయి. అప్పటికి ఆమె చేతులు సిద్ధమయ్యాయి. ఇప్పుడు చెక్కడం ఆమె వంతు, చూడటం ఆయన వంతు. చూడటమంటే వేలి కొసతో. నున్నగా మెరిసే భాగం మీద బొటనవేలు పోనిచ్చి, ఇక్కడ వెంట్రుకవాసి ఎత్తుంది అనేవాడు. మైక్రోమీటరు పెడితే నిజంగానే ఉండేది. ఒకసారి ఆమె విసిగిపోయి, ఎవరికి తెలుస్తుంది చిన్నాన్నా, వదిలెయ్యకూడదా అందట. ఆయన తిట్టలేదు. చేతిలో ఉన్న భాగాన్ని పక్కన పడేసి, కొత్త పోత ముక్క తెమ్మన్నాడు. ఆరు రోజుల పని మళ్ళీ మొదటికొచ్చింది. అలాంటి పాఠం రెండోసారి చెప్పనక్కర్లేదు.

ముసలాయన రిటైరైన రోజున, ఆయన స్థానంలో ఆమెకి టర్నరు ఉద్యోగం వస్తుందని అందరం అనుకున్నాం. పైఆఫీసు ఆ పోస్టునే రద్దు చేసింది. కారణం ఒక్క వాక్యంలో రాశారు: విడిభాగాలన్నీ పాత స్టాకు నుంచి అందుతున్నందున టర్నరు అవసరం లేదు. ఆ కాగితం అందుకున్నది నేనే. నా ముత్యాల్లాంటి అక్షరాలు వెళ్ళి ఎక్కడ తగిలాయో అప్పుడు తెలిసింది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆమె స్వీపరు జీతం మీద టర్నరు పని చేసింది, పంతొమ్మిదేళ్ళు. పదేళ్ళయ్యాక సీనియర్ స్వీపరుగా ప్రమోషను ఇచ్చారు. ఆ కాగితం చూసి తెగ నవ్వింది. ఊడ్చడంలో సీనియారిటీ ఏమిటి అన్నయ్యా, మూలలు కూడా ఊడ్చాలా అని నన్నే అడిగింది. వర్క్‌షాపులో ఇరవై రెండు మంది ఆమెని మేస్త్రమ్మ అనేవారు. ఆఫీసు కాగితాలకి మాత్రం ఆమె చీపురుతోనే కనబడేది.

ఇక ఆ నివేదిక సంగతి. పంపులు పాతబడ్డాయి, కొత్తవి కొనడానికి అప్పు కావాలి. ఇచ్చే సంస్థ తన నిపుణుణ్ణి పంపింది. మన దేశంలో పుట్టినవాడే, పైచదువులకి వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. మర్యాదస్తుడు, ప్యూనుని కూడా మీరు అనేవాడు. మూడు వారాలు నా స్టోరులో కూర్చుని, ముప్ఫై ఏళ్ళ రిజిస్టర్లూ తిరగేశాడు. నివేదికలో తేల్చిందేమిటంటే, ఈ పంపులు కంపెనీ వదిలిన నిల్వల మీదే నడిచాయి, ఆ నిల్వలు అయిపోవచ్చాయి, స్థానిక సామర్థ్యం శూన్యం. కాబట్టి మూడు పంపులూ పాత ఇనుము కింద అమ్మెయ్యాలి, వర్క్‌షాపు మూసెయ్యాలి, కొత్త పంపులూ వాటి విడిభాగాలూ ఇకముందెప్పుడూ బయటి నుంచే తెప్పించుకోవాలి. ఈ షరతులకి ఒప్పుకుంటేనే అప్పు.

మేస్త్రమ్మ నన్ను వర్క్‌షాపుకి పిలిచి ఆ పేజీ చదివించుకుంది. విన్నాక లేతు ఆపింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అన్నయ్యా, ఆయన ఏం చూసి రాశాడు ఆ మాట?" అని అడిగింది.

నా రిజిస్టర్లు చూసి అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తిట్టి ఉంటే బాగుండేది. ఎల్లుండి ఆయన నివేదిక మీద సంతకం పెట్టడానికి వస్తున్నాడు కదా అని మాత్రం అడిగింది. రెండో పంపు ఎలాగూ విప్పే ఉంది, కొత్త పిస్టను చేసి పెట్టాను, నీ స్టోరులో మైనం కాగితం చుట్టుకుని నిద్రపోతున్న మహారాజుని కూడా ఆ రోజు లేపు అంది.

ఆ రోజు పెద్దింజనీరూ నిపుణుడూ పంపుహౌసులోకి వచ్చేసరికి ఆమె సిలిండరు పక్కన నిలబడి ఉంది. నిలువెత్తు లోతున్న ఇనుప గొట్టం అది. అడుగున మూత బిగించి, లోపల గోనెసంచులు పరిచింది. పైన గొలుసు కప్పీ వేలాడుతోంది. ఈమె స్వీపరు సార్, పక్కకి తప్పుకోమంటాను అని పెద్దింజనీరు అన్నాడు. నిపుణుడు ఆమె చేతుల వైపు చూశాడు. స్వీపరుకి అరచేతుల్లో కంచు పొడి ఇంకిపోయి ఉండదని అతనికి తోచినట్టుంది. చెప్పండమ్మా అన్నాడు.

పది నిమిషాలు చూసి సంతకం పెట్టుకోమంది. ముందు కంపెనీ పిస్టను. మధ్యలో ఉన్న బెజ్జానికి బిరడా బిగించి, గొలుసుతో సిలిండరు నోటి దాకా దించి, కొక్కెం వదిలేసింది. అది దబ్బుమని వెళ్ళి అడుగున పడింది. చుట్టూ సందులోంచి గాలి బుస్సుమని పైకొచ్చింది. దాన్ని బయటికి లాగి, అదే బిరడా తన పిస్టనుకి బిగించి దించి, కొక్కెం వదిలింది.

అది పడలేదు. నీళ్ళ మీద కూర్చున్నట్టు గాలి మీద కూర్చుంది. అంత బరువున్న కంచు దిమ్మ వేలెడు కిందికి దిగడానికి నలభై లెక్కపెట్టేంత సేపు పట్టింది. నిపుణుడు వంగి దాని మీద చెయ్యి పెట్టి చూశాడు. దిగడం లేదే అన్నాడు.

"దిగుతుంది సార్, తొందరేముంది? గాలి తప్పించుకోవడానికి నేను దారి ఇవ్వలేదు," అంది మేస్త్రమ్మ.

తర్వాత విడమరిచి చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా సిలిండరు అరుగుతూ వచ్చింది. అరిగినప్పుడల్లా లోపల గీకి నున్న చేశారు. గీకిన ప్రతిసారీ అది కొంచెం పెద్దదైంది, దానికి తగ్గట్టు వీళ్ళు పిస్టను కొంచెం లావుగా చేస్తూ వచ్చారు. ఇప్పుడు కంపెనీ కొలత ఆ యంత్రంలో ఎక్కడా లేదు.

"వాళ్ళే వచ్చి వాళ్ళ పిస్టను పెట్టినా ఈ పంపు చుక్క నీరు ఎత్తదు సార్. పాత స్టాకుతో నడిచిందని రాశారు. ఎలా నడుస్తుందో మీరే చూశారుగా?"

నిపుణుడు ఆమె చేసిన పిస్టను మీదకి వంగి, వేలితో తడిమాడు. దీని మీద కంపెనీ ముద్ర ఉంది, ఇది ఎవరు వేశారని అడిగాడు.

పెద్దింజనీరు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఆయనకీ, ఆయనకి ముందున్న ముగ్గురికీ ఈ సంగతి తెలుసు. పెన్షను, చిన్నమ్మాయి కాలేజీ, ఇంటి మీద ఇంకా వెయ్యాల్సిన రెండో గది, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. మేస్త్రమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"నేనే వేశాను సార్," అంది.

నేరమని తెలుసా అని అడిగాడు. తెలుసంది. ముద్ర లేకపోతే బిగించనివ్వరు, బిగించకపోతే ఊరికి నీళ్ళుండవు, మీరైతే ఏం చేసేవారని ఎదురడిగింది. అతను పెన్ను మూత పెట్టాడు. తను కళ్ళారా చూసింది రాయడానికి వీల్లేదనీ, రికార్డులో ఉన్నదే రాయాలనీ, నివేదిక మారాలంటే కాగితం మీద రుజువు కావాలనీ చెప్పాడు. నెల రోజులు సంతకం ఆపుతానన్నాడు. ఆ మాట అన్నందుకు అతన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇంటికెళ్ళి మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతూ వింది. ఆ పిల్ల ఒక్కతే చెప్పిందా అని అడిగింది. ఔనన్నాను. "మీరూ అక్కడే ఉన్నారా?" అంది. ఉన్నానన్నాను. మడతలు పూర్తిచేసి లేచి వెళ్ళిపోయింది. అంతకంటే అనడానికి ఏముంది?

మర్నాడు పొద్దున్నే పాత స్టాకు రిజిస్టర్లన్నీ సైకిలుకి కట్టుకుని, రెండు విడతలుగా పైఆఫీసుకి మోశాను. వాటితో పాటు ఒక ఉత్తరం ఇచ్చాను. ఇందులో పాత స్టాకు అని ఉన్న ప్రతి మాటా అబద్ధం, రాసింది నేను, కంపెనీ గదిలో మొదటి నుంచీ ఉన్నది ఒక్క పిస్టను, అది ఇప్పటికీ అలాగే ఉంది, మిగతావన్నీ మా షెడ్డులో చేసినవే. పెద్దింజనీరు పిలిచి నీకేమైనా మతిపోయిందా అన్నాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం పోయింది సార్, నిన్ననే తిరిగొచ్చింది అన్నాను. జీవితంలో పైవాడికి నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.

పన్నెండో రోజున ఇద్దరికీ చార్జి మెమోలు వచ్చాయి. నాది పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. రెండు గదుల క్వార్టరు, గుమ్మం పక్కన కుట్టుమిషను. మేస్త్రమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్ళాయన బస్సు కండక్టరు, గొంతు బస్సంత పొడవు. ఆయనే మెమో చదువుతున్నాడు.

"స్వీపరుగా నియమితులైన మీరు, పంతొమ్మిది సంవత్సరాల కాలంలో, ఏ అనుమతీ లేకుండా, ఈ వర్క్‌షాపులోనే, పనికిరాని లోహంతో, కంపెనీ భాగాలతో సమానంగా పనిచేయు నాలుగు వందల పద్దెనిమిది విడిభాగాలను స్వహస్తాలతో తయారుచేసి, వాటిపై కంపెనీ ముద్ర వేసి ప్రభుత్వాన్ని మోసగించినట్లు రుజువైనది."

ఆయన మెమో దించి, ఉద్యోగం పోయిందే అన్నాడు. "మళ్ళీ చదువు, స్వహస్తాలతో అన్న దగ్గర్నుంచి," అంది మేస్త్రమ్మ. చదివాడు. ఇంకోసారి చదవమంది. మూడోసారికి ఆమె కళ్ళు తడిశాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె చేసిన పని ఆమె చేసిందని సర్కారు రాసిన మొదటి కాగితం అది. తిట్టడానికి రాశారు, అయితేనేం?

జవాబు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది. లాయరుని అడుగుదాం, క్షమించమని ఒక ముక్క కలుపుదాం అని కండక్టరు బతిమాలాడు. ఆమె ససేమిరా అంది. ముద్ర వేసినందుకు ఏ శిక్ష వేసినా పడతాను కానీ, చేసినందుకు క్షమించమని అడగనంది. ఆమె చెప్పినదే అక్షరం పొల్లుపోకుండా రాశాను:

"పై అభియోగం నిజమే. కానీ లెక్క తప్పు. నాలుగు వందల పద్దెనిమిది కాదు, నాలుగు వందల ఇరవై మూడు. గుమాస్తా గారు కామెర్లతో సెలవులో ఉన్న నెలలో చేసిన ఐదు బుష్షులు రిజిస్టర్లో ఎక్కలేదు. అవి కూడా చేర్చి అభియోగం సవరించగలరు."

కండక్టరు తల పట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె సంతకం పెట్టింది.

ఆ జవాబుకి రెండు నకళ్ళు తీయించింది. ఒకటి మెమోతో కలిపి నిపుణుడికి పంపింది, రికార్డు అడిగారు కదా, ఇదిగో అని. రెండోది అప్పు మీద ఓటు వెయ్యాల్సిన పురపాలక సభకి తనే తీసుకెళ్ళింది. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఆమె వీధి సభ్యుడి చేత సభలో నివేదికనీ మెమోనీ పక్కపక్కన చదివించింది. ఒకటి మన సామర్థ్యం శూన్యమంటుంది. ఇంకొకటి మన స్వీపరు కంపెనీకి సమానంగా నాలుగు వందల పద్దెనిమిది చేసిందంటుంది. రెండూ ఒకే ఆఫీసు రికార్డుల నుంచి పుట్టినవి, నివేదిక సరేనని ఒప్పుకున్నదీ, మెమో మీద సంతకం పెట్టిందీ ఒకే పెద్దింజనీరు. ఏది అబద్ధమో చెప్పమని సభ అడిగింది. మెమో అబద్ధమంటే మమ్మల్ని శిక్షించడానికి వీల్లేదు. నివేదిక అబద్ధమంటే వర్క్‌షాపు మూయడానికి వీల్లేదు. పెద్దింజనీరు మమ్మల్ని శిక్షించే దారే ఎంచుకున్నాడు. ఆయన పగ మా షెడ్డుని కాపాడింది.

కొత్త పంపులు మూడు కాదు, ఒకటి వచ్చింది. అప్పు మూడో వంతుకి తగ్గింది. నివేదికలో పదకొండో పేజీ మార్చి మళ్ళీ అచ్చువేశారు. వర్క్‌షాపులో ఇరవై రెండు మందీ ఉన్నారు. నన్ను స్టోరు నుంచి తీసి ఉత్తరాలు అంటించే సీట్లో పడేశారు, పెన్షనులో కోత పెట్టారు. రెండో గది వెయ్యలేదు. మేస్త్రమ్మకి మూడేళ్ళు ఇంక్రిమెంటు ఆపారు, స్వీపరు హోదాలోనే రిటైరైంది. అన్యాయమా అంటే అన్యాయమే, దానికి నేను పూత పుయ్యను. పదిహేడో నిబంధన మాత్రం తీసేశారు. ఆ రోజు ఆమె ముద్ర అచ్చుని లేతుకి బిగించి, దాని మొహం నున్నగా చెక్కేసింది. అందరం చుట్టూ నిలబడి చూశాం.

ఆ మధ్య పాత స్నేహితుణ్ణి కలవడానికి పంపుహౌసుకి వెళ్ళాను. ఆమె నేర్పినవాళ్ళు ఇద్దరు లేతు మీద ఉన్నారు. గోడ మీద అద్దాల ఫ్రేములో చార్జి మెమో ఉంది, ఆ నాలుగు వందల పద్దెనిమిది పక్కన ఆమె పెన్సిలుతో చేసిన దిద్దుబాటుతో సహా. కంపెనీవాళ్ళు వదిలి వెళ్ళిన పిస్టను కోసం చూశాను. షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టారు. పంపుహౌసు మొత్తంలో అది సరిపోయే చోటు అదొక్కటే దొరికిందట.